తేలిక వైపు

పండగకు ఇరవై వారాలు

తూకం సరిగ్గానే ఉంది. ఉదయం పెద్ద హాల్లో పెళ్ళి. శూన్యంలో గుండ్రంగా తిరిగే ఈ చక్రమే మా ఊరు, అందులో సగం జనం ఆ ఒక్క హాల్లోనే బంతికి కూర్చున్నారు. అంత బరువు ఒకే చోట చేరితే చక్రం ఊగుతుంది. అందుకని సరిగ్గా దానికి ఎదురు వైపున్న తొట్టిలోకి నీళ్ళు తోడించాను. వడ్డన పెరుగన్నం దాకా వచ్చాక ఇంకాస్త తోడించాను. తాంబూలాలు అందుకుని జనం చెదిరాక నీళ్ళు మళ్ళీ వెనక్కి. పెళ్ళికొడుకు మొహం చూడలేదు గాని, మగపెళ్ళివారంతా కలిసి ఎంత బరువో మాత్రం చెప్పగలను. నా ఉద్యోగం అది.

ఈ పుస్తకంలో సొంత సంగతులు రాయకూడదని మొదటి పేజీలోనే ఉంది. నాకు ముందు ఈ తొట్ల గదిలో పనిచేసినవాడు మా అక్క మొగుడు భీమశంకరం బావ. ఆయన ప్రతి పేజీలోనూ తన మోకాళ్ళ నొప్పి గురించి రాసుకున్నాడు. అది చదివి ఎవరూ ఏమీ అనలేదంటే ఎవరూ చదవలేదనే అర్థం. కాబట్టి నేనూ రాస్తాను.

పని దిగాక బాట మీద పరిగెత్తాను. చక్రం పొడవునా గుండ్రంగా తిరిగి మొదటికొచ్చే వసారానే బాట అంటాం. చక్రం తిరిగే వైపుగా పరిగెడితే ఒళ్ళు బరువెక్కుతుంది. అది బరువు వైపు. ఎదురుగా పరిగెడితే తేలికవుతుంది. అది తేలిక వైపు. పండగ పరుగు ఎప్పుడూ బరువు వైపే. పగటి దీపం వెలిగినప్పటి నుంచి మలిగేదాకా బాట మీద ఎక్కడా నిలబడకూడదు. పరిగెత్తవచ్చు, నడవవచ్చు, నడుస్తూ తినవచ్చు. మిగతా అవసరాలకు పక్క గదుల్లోకి వెళ్ళి రావచ్చు. అది రూల్లో లేదు గాని, దయ.

ఆగకుండా పూర్తిచేసినవాళ్ళ కుడిచెయ్యి ఎర్రరంగులో ముంచి గోడ మీద అచ్చు వేయిస్తారు. ఆ గోడ మీద మా అమ్మ చెయ్యి ఉంది. నా చిన్నప్పుడు వేసింది. దాని పక్కన ఒక చెయ్యి పట్టేంత ఖాళీ ఉంది. అది నాదని ఊహ తెలిసినప్పటి నుంచీ అనుకుంటున్నాను. ఏటా పరిగెత్తాను, ఏటా మధ్యలో తొట్ల గది నుంచి పిలుపొచ్చింది. ఒకసారి పంపు చెడింది, ఒకసారి కవాటం బిగుసుకుంది. పోయినేడు సాయంత్రం దాకా వెళ్ళాను. దీపం రంగు మారింది కూడా. అప్పుడు పిలిచారు.

ఈ ఏడు మాత్రం ఆ రోజు తొట్లు చూసుకోవడానికి ఆదిశేషును తయారుచేశాను. చక్రం మునిగినా నన్ను పిలవొద్దని చెప్పాను. చక్రం మునగదని అతను నాకు వివరించబోయాడు. మంచివాడు, హాస్యం తెలియదు.

పండగకు పదహారు వారాలు

తూకం సరిగ్గానే ఉంది. మధ్యలో మూడు వారాల పేజీలు ఆదిశేషు రాశాడు. అక్షరం ముత్యాల్లా ఉంది, విశేషం ఏమీ లేదు.

చక్రమంతా జ్వరాలు. నాకూ వచ్చింది. అందరికీ వారంలో తగ్గింది, నాకు తగ్గలేదు. వంటశాల నీలవేణి రోజూ గంజి తెచ్చి పెట్టింది. తాగనంటే దీపం ఆర్పేసి చీకట్లో కూర్చుని "నువ్వు తాగితే వెలిగిస్తా అక్కా" అనేది. భయానికి తాగాను.

ఈవేళ డాక్టర్ నజీమా గారు పరీక్ష ఫలితాలు చెప్పారు.

"వకుళ గారూ, జ్వరం మీ గుండె కండరాన్ని పట్టుకుంది. వాపు కొంత తగ్గింది. మిగిలింది తగ్గదు."

"పండగకి నాలుగు నెలలుందండీ."

"నేను పండగ గురించి చెప్పడం లేదమ్మా. ఇక మీదట బరువు వైపు పరుగు మీకు లేదు. ఈ ఏడే కాదు, ఎప్పుడూ."

ఛాతీకి ఒక పట్టీ కట్టారు. గుండె హద్దు దాటితే కీచుమంటుంది. కీచుమంటే కూర్చోవాలి. కూర్చోకపోతే ఏమవుతుందని అడిగాను.

"అదృష్టం బాగుంటే పడిపోతారు" అన్నారావిడ.

గదికొచ్చి కాసేపు నీళ్ళ మట్టాలు చూస్తూ కూర్చున్నాను. మట్టాలు బాగానే ఉన్నాయి. నాకు చాలా కోపంగా ఉంది. ఎవరి మీదో తెలిస్తే బాగుండేది.

పండగకు పదమూడు వారాలు

తూకం సరిగ్గానే ఉంది.

డాక్టరమ్మ మాట వినలేదు. బరువు వైపు నడిచి చూశాను. పరుగు కాదు, నడకే. పావు చుట్టు తిరగకుండానే పట్టీ కీచుమంది. కూర్చున్నాను. లేచాను. మళ్ళీ కీచుమంది. బడి వదిలిన పిల్లలు చుట్టూ చేరి, ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో నా చుట్టూ తిరిగి వెతికారు.

సాయంత్రం బావ వచ్చాడు. మోకాళ్ళు పాడయ్యాక పరుగు మానేసి, పండగ పరుగుకు పెద్దరికం చేస్తున్నాడు. గోడ దగ్గర బల్ల వేసుకుని, ఎవరు ఆగారో, ఎవరు ఆగలేదో తేల్చేది ఆయనే. మనిషి మంచివాడే గాని, రూలు ముందు తన పర అని చూడడు. అక్క పెళ్ళయిన మర్నాడు కూడా వంటశాలలో ఆమెను వరస తప్పి ముందుకు రానివ్వలేదట.

"ఒంట్లో ఎలా ఉందే మరదలా?"

"ఉంది."

"నీతో ఒక మాట చెప్పాలి. గోడ నిండిపోయింది. మిగిలింది మీ అమ్మ పక్కన ఆ ఒక్క చోటే. ఇన్నాళ్ళూ నువ్వు వేస్తావని అటు ఎవర్నీ వెయ్యనివ్వలేదు. ఈ ఏడు పూర్తిచేసినవాళ్ళలో ఎక్కువ చుట్లు ఎవరు తిరిగితే వాళ్ళకివ్వాలి, మిగతావాళ్ళకి కొత్త గోడ. ఇంకా ఆపితే బాగోదు."

"ఎవరు చేస్తారు?"

"నీలవేణి బాగా పరిగెడతంది."

గంజి పోసిన చెయ్యి. ఏమనగలను? మంచిదన్నాను. బావ వెళ్ళిపోయాక ఏడ్చాను. ఏడిస్తే పట్టీ కీచుమంటుందని అప్పుడే తెలిసింది.

పండగకు పది వారాలు

తూకం కాస్త తప్పింది, సరిచేశాను. ఆరో తొట్టి పంపు ఆగిపోయింది. కొత్తది గిడ్డంగి నుంచి మోసుకు రావాలి. ఆదిశేషు సెలవులో ఉన్నాడు. బరువైనదేదైనా తేలిక వైపే మోస్తాం కాబట్టి నేనూ అటే బయల్దేరాను. తొట్టి పొంగిపోతుందన్న తొందరలో, నడుస్తున్నదాన్ని పరుగందుకున్నాను.

తొట్టి దగ్గరికొచ్చి పంపు దించాక గుర్తొచ్చింది, పట్టీ కీచుమనలేదు.

ఇందులో వింతేమీ లేదు. తేలిక వైపు ఎంత వేగంగా పోతే అంత తేలిక. ఇక్కడ పుట్టిన ఎవరికైనా నడకతో పాటే వచ్చే తెలివి ఇది. అయినా తేలిక వైపు ఎవరూ పరిగెత్తరు. నడిస్తే ఫర్వాలేదు. అటు పరిగెత్తేది శవాన్ని మోసేవాళ్ళు మాత్రమే. మోసేవాళ్ళ భుజాలు నొప్పెట్టకుండా శవాన్ని ఆ వైపు పరుగున తీసుకెళ్తారు. ఎదురైనవాళ్ళు గోడ వైపు తిరిగి, చేతులు జోడించి, దారిస్తారు. పిల్లలు ఆటకైనా అటు పరిగెడితే వీపు మీద ఒకటి పడుతుంది. నాకూ పడింది, అమ్మ చేతనే.

అమ్మ పోయినప్పుడు ముందు భుజం నాది. పెద్ద శరీరం అమ్మది. మోయలేనేమో అనుకున్నాను. పరుగందుకున్నాక దూదిమూటలా అయిపోయింది. అప్పుడు నాకు చాలా కష్టంగా అనిపించింది. కాస్త బరువుగా ఉంటే బాగుండుననిపించింది.

పంపు బాగానే పనిచేస్తోంది.

పండగకు ఏడు వారాలు

తూకం సరిగ్గానే ఉంది. నా గురించి చక్రంలో మాటలు పుట్టాయి.

పని దిగాక తేలిక వైపు పరిగెడుతున్నాను. నెమ్మదిగా పోదామంటే కుదరదు. వేగం తగ్గిస్తే ఒళ్ళు బరువెక్కి గుండె మొరాయిస్తుంది, పెంచితే పరుగుకే మొరాయిస్తుంది. రెంటికీ మధ్య సన్నని చోటు ఒకటుంది. అందులో ఉంటే పట్టీ నోరు మూసుకుంటుంది. ఆ చోటు పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది.

ఇంకో తమాషా కూడా తెలిసింది. బాట నేల ముందుకు పోయేకొద్దీ పైకి వంగి ఉంటుంది, కప్పు దాన్ని కప్పేస్తుంది. అందుకని ఎదురొచ్చేవాళ్ళ పాదాలు ముందు కనిపిస్తాయి. తర్వాత మోకాళ్ళు, నడుం, చివరికి మొహం. బరువు వైపు నాకు ఇన్నేళ్ళూ కనిపించినవి మడమలూ, వీపులే. నా ఈడు వాళ్ళ వీపులు చూసి పేర్లు చెప్పగలను. ఇటు మాత్రం ముందు కాలివేళ్ళు దిగుతాయి, ఆ తర్వాత మనిషి మొత్తం నా వైపే వస్తాడు.

వచ్చి, నన్ను చూసి, గోడ వైపు తిరిగి చేతులు జోడిస్తాడు. అది వాళ్ళ తప్పు కాదు, ఒంటికి పట్టిన అలవాటు. మొదటివారం ఒక ముసలాయన జోడించిన చేతులు దించకుండానే "ఎవరు పోయారమ్మా?" అని అడిగాడు. ఎవరూ పోలేదన్నాను. ఆయనకు నచ్చలేదు.

బావ అక్కను వెంటేసుకుని ఇంటికే వచ్చి కేకలేశాడు.

"మతుండే చేస్తన్నావా? పనిమీద పోయేవాళ్ళకి అలా ఎదురొస్తావా? శకునం చూసుకునేవాళ్ళుంటారు!"

"నడిస్తే ఎదురు రావడం కాదా బావా? పరిగెడితేనేనా?"

"నడక నడకే. పరుగు వేరు."

"పండగ రోజు కూడా ఇటే పరిగెడతాను."

బావ మంచం మీద కూలబడ్డాడు. అక్క మంచినీళ్ళిచ్చింది. తాగి, "దాన్ని పరుగని నేననను" అన్నాడు.

"రూల్లో ఏముంది? దీపం మలిగేదాకా ఆగకూడదనే కదా. ఏ వైపని ఉందా?"

"ఏ వైపని ఎవడు రాస్తాడే! బుద్ధున్నవాడెవడూ అటు పరిగెత్తడు కాబట్టి రాయలేదు."

"రాయలేదు కదా."

ఆయన బలహీనత నాకు తెలుసు. రూల్లో ఉన్నది లేదని ఆయన అనలేడు, లేనిది ఉన్నదని అసలే అనలేడు. మర్నాడు పాత కాగితాలన్నీ తిరగేసి, నా గదికొచ్చి గుమ్మం బయటే నిలబడి చెప్పాడు.

"లేదు. ఆగకుండా పూర్తిచేస్తే లెక్కే. కానీ నా బల్ల ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా మొహం తిప్పుకుంటాను. అది నా ఇష్టం."

"నీ మొహం నీదే బావా."

"ఎక్కువ చుట్లు ఎవరు తిరిగినా, నువ్వు పూర్తిచేస్తే ఆ చోటు నీదే. ఇన్నాళ్ళు ఆపింది నీకోసమే కాబట్టి." ఈ మాట అనేటప్పుడు కూడా అటే చూస్తున్నాడు.

పండగకు ఒక వారం

తూకం సరిగ్గానే ఉంది. డాక్టరమ్మ దగ్గరికెళ్ళి నిజం చెప్పాను. ఆవిడ పట్టీ విప్పి చూసి మళ్ళీ కట్టారు. తర్వాత నన్ను బాటకు తీసుకెళ్ళి, కొంగు దోపుకుని, నా పక్కనే తేలిక వైపు పరిగెడుతూ పట్టీ అంకెలు చూశారు. పట్టపగలు, చదువుకున్న మనిషి. జనం గోడలకు అతుక్కుపోయారు.

"ఆ సన్నని చోటు దొరుకుతోంది" అన్నారు, ఆయాసపడుతూ. "కానీ పగలంతా ఉంటుందని నేను మాటివ్వలేను. అలిసిపోయాక ఆ చోటు ఇంకా సన్నబడుతుంది. ఒక దశలో ఉండదు."

"ఉండకపోతే?"

"దిగిపోవాలి. దిగిపోతానని మాటిస్తేనే పట్టీలో కొత్త బ్యాటరీ వేస్తాను."

మాటిచ్చాను. భయంగానే ఉంది. చచ్చిపోతానని కాదు, చావకుండానే దిగిపోవలసి వస్తుందేమోనని.

పండగ మర్నాడు

తూకం సరిగ్గానే ఉందని ఆదిశేషు రాశాడు. నిన్నటి పేజీ అతనిది. నేను మంచం మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

దీపం వెలగగానే బావ ఈల వేశాడు. అందరూ ఒక వైపు, నేనొక్కదాన్నీ ఇంకో వైపు. బయల్దేరేటప్పుడు నా వెనక వరసలోని వాళ్ళు పక్కలకు జరిగిపోయి నాకు దారిచ్చారు. దారి అంత బాగా ఇచ్చినందుకు సంతోషించాలో, వద్దో తెలియలేదు.

మొదటి చుట్లలో అందరికీ ఇబ్బందిగానే ఉంది. పరిగెత్తేవాడు ఆగకూడదు, శవం దారిలో ఎదురొస్తే ఆగాలి. పాదాలు కనిపించగానే వాళ్ళ అడుగులు తడబడేవి. మొహం చూసి, "ఓ, వకుళేలే" అనుకుని, కళ్ళు నేలకు దించుకుని పరుగు కొనసాగించేవాళ్ళు. వాళ్ళను పలకరించే పని నా గుండెకు పెట్టదలుచుకోలేదు.

నీలవేణి అందరికన్నా ముందుంది. వంటశాలలో గంగాళాలు ఎత్తే మనిషి, అలుపన్నది లేదు. మూడుసార్లు నవ్వుతూ ఎదురొచ్చింది. నాలుగోసారి బావ బల్ల ముందే ఎదురైంది. ఆ క్షణంలో ఏదో ఆలోచిస్తూ ఉందేమో, నా పాదాలు చూసి ఠక్కున ఆగి, గోడ వైపు తిరిగి, చేతులు జోడించింది. అందరూ చూశారు. బావ కూడా చూశాడు. నేను ఆగకూడదు కాబట్టి వాళ్ళను దాటి వెళ్ళిపోయాను.

చుట్టు తిరిగి వచ్చేసరికి బల్ల దగ్గర గొడవ. నీలవేణి ఆగితే పరుగు నిజంగానే పోతుందని, బల్ల చుట్టూ తిరుగుతూనే ఏడుస్తూ వాదిస్తోంది.

"అలవాటులో చేతులు లేచిపోయాయి బాబాయ్ గారూ! రెప్పపాటు కూడా లేదు!"

"ఆగావా లేదా?"

"శవానికి ఆగితే ఆగినట్టు కాదని మీ రూల్లోనే ఉంది!"

"శవానికైతే ఆగినట్టు కాదు. అది శవం కాకపోతే ఆగినట్టే." నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మొహం తిప్పుకోవడం కూడా మరిచిపోయాడు. "ఏమే మరదలా, నువ్వే చెప్పు. నువ్వు శవానివా, పరిగెత్తేదానివా? రెండూ అంటే కుదరదు!"

"తిరిగొచ్చి చెప్తా" అని దాటిపోయాను.

ఆ చుట్టులో పాదాలేవీ నాకు గుర్తు లేవు. పరిగెత్తేదాన్నంటే సాయంత్రానికి ఆ చోటు నాది, నీలవేణి పరుగు ఇప్పుడే పోయినట్టు. శవాన్నంటే నీలవేణి పరుగు నిలబడుతుంది, నాది ఇక పరుగు కాదు. శవాలకు గోడ మీద చోటు లేదు. నాకు ఆ చోటు కావాలి. చిన్నప్పుడు అమ్మ అచ్చు మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని, నా వేళ్ళు ఆమె వేళ్ళలో సగానికి వచ్చేవి. ఏటా కాస్త పెరిగేవి. పూర్తిగా సరిపోయిన ఏడు గోడ వైపు చూడ్డం మానేశాను, ఇక పరుగే మిగిలింది కాబట్టి. అంత ఇష్టమైనదాన్ని, నా మూలంగానే ఆగిన మనిషి మెడ మీద కాలేసి తీసుకోవడం నాకు చేతకాలేదు. చీకట్లో గంజి గిన్నె పట్టుకుని కూర్చున్న మనిషి ఆవిడ.

బల్ల దగ్గరికి వచ్చాను. నీలవేణి ఇంకా బల్ల చుట్టూ తిరుగుతూనే ఉంది.

"శవాన్నే బావా! రాసుకో!"

"మళ్ళీ మాట మార్చకూడదు!"

"శవాలు మాట మారుస్తాయా!"

వెనక ఎవరో నవ్వారు. నీలవేణి నవ్వలేదు. ఏడుపు తుడుచుకుంటూ బరువు వైపు పరుగెత్తింది.

అక్కడితో నాకు పందెం ఏమీ లేదు. దిగిపోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. అనరు సరే, దిగబుద్ధి కాలేదు. మధ్యాహ్నం దాకా ఎందుకు పరిగెడుతున్నానో నాకే తెలియలేదు. చోటు పోయాక కూడా కాళ్ళు ఆడుతున్నాయి. పరుగు కోసం చోటు కావాలనుకున్నానో, చోటు కోసం పరుగు కావాలనుకున్నానో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడిగి చూసుకోలేదు.

జనం కూడా మారారు. ఒకసారి శవమని ఖాయమయ్యాక వాళ్ళకు బెరుకు పోయింది. అలిసిపోయి శకునాల సంగతి వదిలేశారు. పాదాలు దిగేవి, మొహం దిగేది, ఆ మొహం నన్ను చూసి ఏదో ఒకటి అనేది. "ఈ శవానికి ఇంకెన్ని చుట్లండీ?" అన్నాడు ఆనాటి పెద్ద హాలు పెళ్ళికొడుకు. వాళ్ళ నాన్న పోలికలు చూసి గుర్తుపట్టాను. ఒకావిడ నిమ్మచెక్క చేతిలో పెట్టి పోయింది. వీపులతో గడిపిన ఏళ్ళలో ఎవరూ నాకు నిమ్మచెక్క ఇవ్వలేదు. ఇవ్వడానికి వాళ్ళు నన్ను చూడాలి కదా.

దీపం పసుపు తిరిగే వేళకు పట్టీ మొదటిసారి కీచుమంది. వేగం పెంచాను, ఆగలేదు. తగ్గించాను, ఒళ్ళు బరువెక్కి ఇంకా కీచుమంది. డాక్టరమ్మ చెప్పిన దశ అదేననుకున్నాను. చాలా భయమేసింది. ఊపిరి గొంతులోనే తిరుగుతోంది, బాట నేల కాళ్ళ మీదికి లేచి వస్తున్నట్టుంది. దిగిపోతానని మాటిచ్చాను. దిగిపోదామని పక్కగది తలుపు కోసం చూశాను. తలుపు చేరేలోపు చప్పుడు ఆగింది. నడకకూ పరుగుకూ మధ్య ఏదో ఒక ఊపు, చంకన బిడ్డను వేసుకుని తొందరగా పోయే నడక, అందులో పడ్డాను. ఆ ఊపులోనే ఉన్నాను. చివరి చుట్లన్నీ అలాగే తిరిగాను. బావ బల్ల ముందు నుంచి ఎన్నిసార్లు పోయానో, అన్నిసార్లూ ఆయన మొహం తిప్పుకోలేదు. పెన్ను పట్టుకుని, నా కాళ్ళే చూస్తున్నాడు.

దీపం మలిగింది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను.

పూర్తిచేసినవాళ్ళు తక్కువే. వాళ్ళలో ఎక్కువ చుట్లు నీలవేణివే. బావ ఆమెను అమ్మ చెయ్యి పక్కకు తీసుకెళ్ళాడు. రంగు పళ్ళెం ముందు ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అక్కా, ఇది నీది. నువ్వెయ్యి."

"నేను పోయాను కదే. పోయినవాళ్ళ చోటు తీసుకోవడానికి మొహమాటమెందుకు?"

ఆమె ఏడుస్తూ చెయ్యి వేసింది. అచ్చు కాస్త చెదిరింది. అమ్మ పక్కన బాగానే కుదిరింది. నాకు బాధ వేసింది. వెయ్యలేదని రాస్తే అబద్ధం.

మిగిలినవాళ్ళ చేతులు కొత్త గోడ మీద వేయించి వచ్చాక బావ పళ్ళెం కడుగుతాడనుకున్నాను. కడగలేదు. దాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి మోకాలి మీద ఆన్చుకుంటూ నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"శవాలకి ఆ గోడ మీద చోటు లేదు. రూలు రూలే."

"నేనడిగానా?"

"ఈ గోడ గురించి రూల్లో ఏమీ రాయలేదు." నేను ఆనుకున్న గోడను చూపించాడు. బాటకు రెండో పక్క. ఏ అచ్చూ లేని గోడ. అటు పరిగెత్తినవాళ్ళెవరూ లేరు మరి. "పొద్దున్నించీ కాగితాలు మళ్ళీ చూశాను. ఎక్కడా లేదు. లే."

లేచాను. సరిగ్గా అమ్మ చేతికి ఎదురుగా, ఎడమ చెయ్యి వేశాను. కుడి చేత్తో గోడ పట్టుకుని నిలబడ్డాను, అంతే కారణం. వేసి, వెనక్కి తిరిగి చూశాను. బాటకు అటు అమ్మ చెయ్యి, ఇటు నా చెయ్యి, ఎదురెదురుగా. పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి చూసుకునేవి కావు.

పట్టీ చప్పుడు చెయ్యలేదు. డాక్టరమ్మ వచ్చి నా చెవి దగ్గర తిట్టారు. చాలాసేపు తిట్టారు.

పండగ, మరుసటి ఏడు

తూకం సరిగ్గానే ఉంది. తొట్లు ఆదిశేషు చూసుకుంటున్నాడు. మధ్యాహ్నం అవసరానికని పక్కగదిలోకి వచ్చి, దయ కిందికి వచ్చే వేళలోనే ఇది గబగబా రాస్తున్నాను.

గుండె బాగుపడలేదు, పాడూ కాలేదు. ఈ ఏడు పరిగెత్తే చుట్లు తక్కువ, ఆ ఊపులో నడిచేవి ఎక్కువ. పగలంతా సాగుతుందో, లేదో నాకు తెలియదు.

పొద్దున బల్ల దగ్గర బావ లేడు. నీలవేణి కూర్చుంది. పెద్దరికం ఆమెకిచ్చేశాడట. అక్కనడిగితే "దీపం వెలగకముందే పోయాడే, ఎక్కడికో చెప్పలేదు" అంది. నా మీద కోపం ఇంకా పోలేదనుకున్నాను. నీలవేణి ఈల వేసింది. అందరూ అటు, నేను ఇటు.

ఎప్పటిలాగే పాదాలు దిగుతున్నాయి. కాలివేళ్ళు, మోకాళ్ళు, మొహం, పలకరింపు. మళ్ళీ కాలివేళ్ళు. పెళ్ళికొడుకు ఈసారి పెళ్ళాంతో కలిసి వచ్చాడు. కాలివేళ్ళు, కాలివేళ్ళు.

తర్వాత మడమలు.

మొదట అర్థం కాలేదు. తేలిక వైపు ఎవరి మడమలూ కనిపించవు, నా ముందు ఎవరూ ఉండరు కాబట్టి. పగిలిన మడమలు, తోలు తెగి తీగతో కట్టిన చెప్పులు, పట్టీలు చుట్టిన మోకాళ్ళు, ఆ పైన ఎన్నో ఏళ్ళు బల్ల వెనక కూర్చుని వంగిన వీపు. నాకన్నా ముందే బయల్దేరి, కుంటుతూ, తేలిక వైపు పరిగెడుతున్నాడు. ఎదురొచ్చేవాళ్ళందరూ గోడ వైపు తిరగబోయి, ఆయన మొహం చూసి, ఏం చెయ్యాలో తోచక నమస్కారం పెట్టి పోతున్నారు.

నా అడుగుల చప్పుడు విన్నాడు గాని, వెనక్కి తిరగలేదు.

"బరువు వైపైతే ఈ మోకాళ్ళు ఒక్క చుట్టు కూడా ఒప్పుకోవే" అన్నాడు.

"శకునం చూసుకున్నావా బావా?"

"చూసుకున్నా. శవమేదీ ఎదురు రాలేదు, నువ్వు నా వెనకున్నావ్ కాబట్టి."

దాటేయగలను. దాటాలనిపించలేదు. వేగం కాస్త తగ్గించి, ఆయన వెనకే ఉన్నాను. ఒళ్ళు కొద్దిగా బరువెక్కింది. పట్టీ ఏమీ అనలేదు.